మొదటి మూడు వేసవుల లెక్క: విశాఖ పెరట్లో గడ్డి దుబ్బులా, పచ్చని చెట్లా?

విశాఖపట్నంలో ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వర్షం కురుస్తుంది. అనంతపురంలో కురిసేది ఇంచుమించు అందులో సగం. అయినా ఏప్రిల్ నెలలో మధురవాడలోనో ఎండాడలోనో కొండవాలున కట్టిన ఇళ్ల మధ్య నడిచి చూస్తే, ప్రహరీ గోడల వెంట వాడి వేలాడుతున్న మొక్కలు, నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో పెట్టిన డ్రమ్ములు కనిపిస్తాయి. ఇంత వాన పడే ఊరిలో కరువును తట్టుకునే మొక్కల గురించి మాట్లాడవలసి రావడానికి కారణం వాన చాలకపోవడం కాదు, అది పడే తీరు. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చింది మొదలు అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు తెచ్చే వానలు ముగిసేలోపు ఏడాది వానలో అధిక భాగం పడిపోతుంది. డిసెంబరు మొదలుకొని మృగశిర కార్తె వరకు, అంటే సుమారు 190 రోజులపాటు, వేసవిలో అప్పుడప్పుడు ఉరుములతో పడే జల్లులను మినహాయిస్తే నేలకు చెప్పుకోదగిన తడి అందదు. ఈ 190 రోజులే విశాఖ తోటకు కరువు.

ఈ కరువుకు నర్సరీలలో ఇప్పుడు రెండు పరిష్కారాలు చూపిస్తున్నారు. మొదటిది, కొన్నేళ్లుగా హోటళ్ల ముంగిళ్లలోను, అపార్ట్‌మెంట్ల ఆవరణలలోను కనిపిస్తున్న అలంకార గడ్డి జాతులు. రెండవది, మన పెద్దలు ఎప్పుడో ఎంచుకున్నది: పొగడ, పొన్న, కానుగ వంటి ఏడాది పొడవునా పచ్చగా నిలిచే చెట్లు. కొనడానికి వచ్చినవారు అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: రెండింటిలో ఏది తక్కువ నీళ్లు తాగుతుంది? ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పబోతే తప్పు జవాబే వస్తుందని నా అభిప్రాయం. గడ్డి, చెట్టు నీటిని వాడుకునే పరిమాణంలో కంటే, వాడుకునే కాలంలోను, ఆ నీటిని తెచ్చుకునే చోటులోను ఎక్కువగా విభేదిస్తాయి. ఎంత అన్నది కాక ఎప్పుడు, ఎక్కడి నుంచి అని అడిగితే చిక్కుముడి చాలా వరకు విడిపోతుంది.

ముందుగా ఆ రెండూ ఎండను ఎలా ఓర్చుకుంటాయో చూడాలి. ఉష్ణప్రాంతపు గడ్డి జాతులలో అధిక భాగం సి-4 అనే పద్ధతిలో కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటాయి. చాలా చెట్లది, వరిది పాత పద్ధతి, దానిని సి-3 అంటారు. ఆకు మీది పత్రరంధ్రాలు తెరుచుకుంటేనే బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది, అదే ద్వారం గుండా నీరు ఆవిరై బయటికి పోతుంది. సి-4 మొక్కలు లోపలికి వచ్చిన కొద్దిపాటి వాయువును ముందే పోగుచేసుకుని వాడుకోగలవు గనుక ద్వారాన్ని ఓరగా తెరిచి పని నడుపుకుంటాయి. ఒక కిలో ఎండు పదార్థం తయారు చేసుకోవడానికి సి-4 మొక్కకు స్థూలంగా 250 నుంచి 350 లీటర్ల నీరు సరిపోతే, సి-3 మొక్కకు 450 నుంచి 900 లీటర్ల వరకు కావాలి. దీనికి తోడు గడ్డి ఆకులో కొన్ని పెద్ద కణాలు ఎండకు నీరు కోల్పోయి ముడుచుకోగానే ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది, అప్పుడు గాలికి తగిలే వైశాల్యం తగ్గుతుంది. అప్పటికీ ఎండ తగ్గకపోతే పైనున్న ఆకును ఎండబెట్టేసి, ప్రాణాన్ని కుదురులోకి దింపుకుని కూర్చుంటుంది. మే నెలలో గోధుమరంగులో నిలిచిన దుబ్బు చచ్చిపోయిన దుబ్బు కాదు. వేసవిని అది ఎదిరించడం లేదు, తప్పుకుని నిలబడుతోంది.

ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టుకు ఆ వెసులుబాటు లేదు. దాని ఆకు రోహిణి కార్తెలోనూ కొమ్మ మీదే ఉండాలి. అందుకే అటువంటి చెట్ల ఆకులు సాధారణంగా దళసరిగా, తోలు మాదిరిగా ఉంటాయి, పైన మైనపు పూత ఉంటుంది. పొన్న ఆకును చేత్తో విరిచి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. చెట్టుకు అసలైన బలం మాత్రం ఆకులో కాదు, వేరులో ఉంది. పై అడుగు మట్టి పొడిపొడి అయిపోయినా, రెండు మూడు మీటర్ల లోతున వర్షాకాలంలో ఇంకిన తడి మిగిలే ఉంటుంది. తల్లివేరు, దాని నుంచి దిగిన వేళ్లు అక్కడికి చేరుకుంటే చెట్టుకు వేసవి భయం తీరినట్లే. చేరుకునేవరకు ఆ భయం మనదే.

పచ్చని చెట్టు అనగానే ఆకు రాల్చదని అనుకోవడం కూడా సరికాదు. దాని ఆకు ఎక్కువ కాలం బతుకుతుంది, రాలడం ఒకేసారి కాక విడతలుగా సాగుతుంది, అంతే తేడా. చీపురు పట్టేవారి దృష్టిలో ఇది తక్కువ పని కాదు, ఎడతెగని పని. వేప, కానుగ అయితే నిజానికి మధ్యస్థపు చెట్లు. వేప ఫిబ్రవరి, మార్చి ప్రాంతాల్లో చాలా ఆకు రాల్చి కొద్ది రోజుల్లోనే చిగురు తొడుగుతుంది, అందువల్లనే ఉగాది పచ్చడికి పువ్వు సమయానికి అందుతుంది. కానుగ కూడా వసంతంలో కొద్ది రోజులు బోసిపోయి తిరిగి కమ్ముకుంటుంది. గోడవతల చూపు పడకుండా ఏడాదంతా తెర కావాలనుకునేవారు ఈ తేడాను ముందే తెలుసుకోవడం మంచిది.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే ఒక లీటరు. ఈ ఒక్క సూత్రం చేతిలో ఉంటే తోట నీటి లెక్కలన్నీ ఇంట్లోనే వేసుకోవచ్చు. ప్రహరీ వెంట పది చదరపు మీటర్ల పట్టీ ఉందనుకుందాం. అందులో అర మీటరు ఎడంలో నలభై దుబ్బులు పడతాయి. వేసవి అంతా అవి చూడదగినంత పచ్చగా ఉండాలంటే వారానికి ఒకసారి పది మిల్లీమీటర్ల తడి, అంటే వంద లీటర్లు ఇవ్వాలని నేను అంచనా వేసుకుంటాను. 190 రోజులంటే 27 వారాలు, కాబట్టి ఏటా 2,700 లీటర్లు. అదే స్థలంలో గరికతో పచ్చిక వేసి రోజుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున తడిపితే 7,600 లీటర్లు అవుతాయి. పచ్చికతో పోల్చి గడ్డి దుబ్బులు నీటిని ఆదా చేస్తాయని చెప్పేవారి మాట ఇంతవరకు నిజమే. దుబ్బులు ఎండినా ఫరవాలేదు, కుదురు బతికితే చాలని సరిపెట్టుకునేవారికి నెలకొక తడి చొప్పున 600 లీటర్లతోనే వేసవి గడిచిపోతుంది.

ఇప్పుడు అదే చోట ఒక పొగడ మొక్కను ఊహించండి. మొదటి వేసవిలో నాలుగు రోజులకొకసారి 20 లీటర్ల చొప్పున 950 లీటర్లు, రెండవ వేసవిలో వారానికి 30 లీటర్ల చొప్పున 810, మూడవ వేసవిలో పదిహేను రోజులకొకసారి 50 లీటర్ల చొప్పున 650. మొత్తం 2,400 లీటర్ల పైచిలుకు. నేల లోతుగా ఉన్నచోట ఆ తరువాత దానికి మనం నీరు పోయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అంటే ఒక చెట్టుకు జన్మలో పోసే నీటిని, పచ్చగా ఉంచాలనుకున్న పది చదరపు మీటర్ల గడ్డి ఒక్క వేసవిలోనే తీసుకుంటుంది. ఇవి నేలను, ఎండను బట్టి అటూఇటూ అయ్యే అంచనాలే గాని, పోలిక దిశ మారదు. గడ్డి ఖర్చు నెలసరి అద్దె వంటిది, చెట్టు ఖర్చు ఇల్లు కట్టడం వంటిది.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. మూడేళ్ల తరువాత చెట్టు నీరు తాగడం మానేయదు, మనల్ని అడగడం మానేస్తుంది. ఇరవై చదరపు మీటర్ల నీడనిచ్చే చెట్టు ఏప్రిల్‌లో రోజుకు కొన్ని పదుల లీటర్లను ఆవిరిగా వదులుతుంది. ఆ నీరు వానాకాలంలో నేల దాచుకున్నది. ఇసుక కలిసిన ఎర్రమట్టి ఒక మీటరు లోతుకు, మొక్కకు అందేలా సుమారు వంద మిల్లీమీటర్ల నీటిని పట్టి ఉంచుతుందనుకుంటే, ఇరవై చదరపు మీటర్ల కింద మీటరుకు రెండు వేల లీటర్లు, మూడు మీటర్ల లోతుకు ఆరు వేల లీటర్లు నిలవ ఉంటాయి. 190 రోజులకు పంచితే రోజుకు 31 లీటర్లు. వేళ్లు నీడను దాటి ఇంకా దూరం పాకుతాయి కాబట్టి చెట్టుకు అందేది ఇంకొంత ఎక్కువే. మట్టి లోతు అర మీటరే అయితే ఇదే లెక్క రోజుకు ఐదు లీటర్లకు పడిపోతుంది. కాబట్టి కరువును తట్టుకునే శక్తి అన్నది మొక్క పేరు మీద మాత్రమే ఉండే గుణం కాదు, ఆ మొక్క కింద ఎంత మట్టి ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. నర్సరీలో చీటీ మీద ఈ సంగతి రాసి ఉండదు.

నేల చెప్పే జవాబు

విశాఖలో నేల వీధి వీధికి మారుతుంది. కొండవాలున చదును చేసిన లేఅవుట్లలో పైన కొద్దిపాటి గ్రావెల్ మట్టి, కింద శిథిలమైన ఖోండలైటు రాయి ఉంటాయి. పునాది తవ్విన రోజున గోతిలోకి తొంగి చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. రాయి పగుళ్లుగా, మెత్తగా ఉంటే వేరు దూరుతుంది. చుట్టుపక్కల కొండల మీద జీడిమామిడి బతుకుతున్నది ఆ పగుళ్ల దయవల్లనే. గడ్డపార దిగని గట్టి రాయి అర మీటరులోనే తగిలితే మాత్రం చెట్టు మీద ఆశ పెట్టుకోకుండా గడ్డి వైపు మొగ్గడం వివేకం. అందులోనూ వాలు ఉన్నచోట వట్టివేరును మించినది నాకు కనిపించలేదు. దాని వేళ్లు పక్కలకు పాకకుండా నిలువుగా, అనువైన నేలలో మూడు మీటర్ల వరకు దిగుతాయి. వాలుకు అడ్డంగా, సమాన ఎత్తున ఒక వరుసగా పిలకలు నాటితే రెండు వానాకాలాలలో అది సజీవమైన గట్టులా మారి, కొట్టుకువచ్చే మట్టిని పట్టి ఆపుతుంది. దక్షిణాదిన వాడుకలో ఉన్న రకం విత్తనంతో వ్యాపించదు కాబట్టి పక్కవారి స్థలంలోకి పోతుందన్న బెంగ లేదు. వేసవిలో కుండలో వేసుకోవడానికి వేళ్ల కోసం దుబ్బును పెకలిస్తే మాత్రం గట్టు పనిచేయదు. వాసన కావాలా, వాలు నిలవాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు ఇసుక, ఉప్పుగాలి రెండూ ఉంటాయి. ఇసుకలో వేరు సులువుగా దిగుతుంది గాని నీరు నిలవదు. ఉప్పు తుంపర లేత ఆకును మాడుస్తుంది. ఈ రెండింటికీ అలవాటు పడిన చెట్టు పొన్న, ఆ తరువాత కానుగ. సరుగుడును తీరం వెంట గాలికి అడ్డుగా పెంచడం పాత అలవాటే. దాని సూదులు నిజానికి ఆకులు కావు, సన్నని రెమ్మలు. నీటి పొదుపు కోసం ఆకును పొలుసుల స్థాయికి కుదించుకున్న చెట్టు అది. అయితే దాని కింద పరుచుకునే రాలుడు పొరలో మరేదీ మొలవదు కాబట్టి చిన్న పెరటికి నేను సిఫారసు చేయను. గడ్డి వైపు చూస్తే, ఇసుక దిబ్బలను పట్టి ఉంచే రావణాసురుడి మీసాలు ఇక్కడి తీరానికి సహజమైనవి. ముళ్ల బంతుల్లాంటి గింజల గుత్తులు ఇసుక మీద దొర్లుకుంటూ పోవడం చూసే ఉంటారు. వాటిని తోటలోకి తేవడం కంటే దిబ్బ మీద వదిలేయడమే మేలు, ఎందుకంటే దిబ్బకు వాటి అవసరం మన తోటకంటే ఎక్కువ.

పల్లపు ప్రాంతాల కథ వేరు. అక్కడ సెప్టెంబరు, అక్టోబరులలో పాదులో నీరు నిలుస్తుంది, వేసవిలో మట్టి గట్టిపడుతుంది. నీరు నిలిస్తే వేప ఓర్చదు. నేరేడు, కానుగ ఓర్చుకుంటాయి.

అక్టోబరు గాలి

విదేశీ తోట పుస్తకాలలో దొరకని అధ్యాయం ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. గాలి వేగం మూడింతలైతే చెట్టు మీద పడే ఒత్తిడి మూడింతలు కాదు, తొమ్మిదింతలు అవుతుంది. గంటకు అరవై కిలోమీటర్ల ఈదురుగాలికి ఊగి ఊరుకున్న చెట్టు ఆ రోజు ఎందుకు పడిపోయిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పైగా అప్పటికే వానకు నానిన నేల వేళ్లను గట్టిగా పట్టుకోలేదు. కూలని చెట్లకు కూడా ఆకులు మాడి, కొండలు పచ్చదనం పోయి గోధుమరంగులో కనిపించడం నగరవాసులు మరచిపోలేదు.

ఆ తరువాత పచ్చని చెట్లు గాలికి ప్రమాదమని, ఆకురాల్చేవి మేలని ఒక మాట ప్రచారంలోకి వచ్చింది. చలిదేశాలలో అది కొంతవరకు చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ శీతాకాలపు తుఫానుల నాటికి ఆకురాల్చే చెట్లు మోడులై ఉంటాయి. మన తుఫానులు వచ్చేది వానాకాలం చివర. అప్పటికి తురాయి అయినా, బాదం అయినా, పొగడ అయినా ఆకుతో నిండుగానే ఉంటాయి. కాబట్టి ఇక్కడ భేదం ఆకు రాల్చడంలో లేదు. తొందరగా పెరిగి మెత్తని కలప, పైపైన పరిచిన వేళ్లు ఉన్న చెట్టుకు, నెమ్మదిగా పెరిగి గట్టి కలప, లోతైన వేరు ఉన్న చెట్టుకు మధ్య ఉంది. పచ్చదనం త్వరగా కావాలన్న ఆరాటంలో మనం ఎంచుకునేవి చాలావరకు మొదటి రకానివే. పొగడ పదేళ్లకు గాని చెట్టు అనిపించుకోదు. నాకు తెలిసినంతలో దానిని వద్దనడానికి చెప్పుకోదగిన కారణం అదొక్కటే.

గడ్డికి ఈ గొడవ లేదు. తుఫానుకు నేలకు ఒరిగిపోతుంది, వారం పది రోజులకు లేస్తుంది, లేవకపోతే కొడవలితో కోసేస్తే కొత్త పిలకలు వేస్తుంది. ఇంటి గోడకు మీటరు దూరంలోనే ఖాళీ ఉన్నవారికి, కారు నిలిపే చోటు పక్కన పచ్చదనం కావాలనుకునేవారికి ఇది చిన్న ప్రయోజనమేమీ కాదు. దీనికి ఎదురుగా చెట్టు ఇచ్చే ప్రయోజనాన్ని గడ్డి ఎంత పెరిగినా ఇవ్వలేదు. పడమటి గోడకు మధ్యాహ్నపు నీడ పడితే లోపలి గది ఎంత తేడాగా ఉంటుందో, పైఅంతస్తులో పడమటి పడకగది ఉన్నవారిని అడిగితే చెబుతారు.

ఏ గడ్డి, ఏ చెట్టు

గడ్డి జాతుల విషయంలో మొదటి పొరపాటు పుస్తకం నుంచి వస్తుంది, నేనూ ఆ పొరపాటు చేశాను. నీటి పొదుపు తోటల ఆలోచనకు ఒక ప్రత్యేకమైన పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది 1981లో అమెరికాలోని డెన్వర్ నగర నీటి సరఫరా సంస్థ. అది పొడిగాలి, మంచు పడే చలికాలం ఉన్న చోటు. అక్కడి పుస్తకాలు మెచ్చుకునే ఈకల వంటి సన్నని గడ్డి విత్తనాలు తెప్పించి కుండీలలో పెంచాను. మే నెల ఎండకు చెక్కుచెదరని మొక్కలు సెప్టెంబరు ముసురుకు కుదురు కుళ్లి పోయాయి. విశాఖ వేసవిలోనూ గాలిలో తేమ ఎక్కువే. ఇక్కడి మొక్క ఎండను ఓర్చుకుంటే సరిపోదు, ఆ వెంటనే వచ్చే తడిని కూడా ఓర్చుకోవాలి. పంపాస్ గడ్డిని సైతం ఇక్కడ ఎండబెట్టి కుండీలో పెట్టుకోవడానికి కొనవచ్చు గాని, పెంచడానికి కాదు.

ఈ రెండు పరీక్షలలోనూ నెగ్గేవి మన గడ్డి జాతులే. వట్టివేరు సంగతి చెప్పాను. నిమ్మగడ్డి నడుమెత్తున గుబురుగా పెరిగి, టీలోకి నాలుగు ఆకులు కోసుకోవడానికి కూడా పనికివస్తుంది. నాలుగైదేళ్లకు దుబ్బు మధ్యభాగం చచ్చి వలయంలా మిగులుతుంది, అప్పుడు తవ్వి పిలకలను విడదీసి తిరిగి నాటుకోవాలి. ఊదారంగు ఫౌంటెన్ గడ్డి అందంగానే ఉంటుంది, ఆ రంగు రకం సాధారణంగా మొలకెత్తే గింజ పెట్టదు. దాని పచ్చ రకం మాత్రం గాలికి గింజలు చల్లుకుంటూ వ్యాపిస్తుంది. హవాయి దీవులలో అది అడవిలోకి చొరబడి, ఎండి, కార్చిచ్చులకు ఇంధనంగా మారింది. డెబ్బై చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం నగరాన్ని ఆనుకునే ఉంది, అందులో పొడి సతత హరిత అడవి, పొదలు, గడ్డి మైదానాలు కలిసి ఉన్నాయి. దాని అంచున ఇల్లు ఉన్నవారు ఆ పచ్చ రకం జోలికి పోకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. దసరా నాటికి తెల్లగా విరగబూసే రెల్లును చూసి ముచ్చటపడి తెచ్చుకుంటే, నేలలోపలి కాండాలతో పాకి ఏడాది తిరిగేసరికి పెరడంతా దానిదే అవుతుంది. ఏటి ఒడ్డున చూసి ఆనందించవలసిన గడ్డి అది.

గడ్డి పెంచేవారు ఎదుర్కొనే ఇంకొక అభ్యంతరం పాములు. మా పక్కింటి పెద్దావిడ నేను నాటుతున్న పిలకలను చూసి, "గడ్డి పీకించుకునేవాళ్లను చూశాను గాని, డబ్బిచ్చి నాటించుకునేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను బాబూ" అన్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. దుబ్బు మొదట్లో ఎండిన ఆకు పేరుకుంటే ఎలుకలు చేరతాయి, వాటి వెంట పాములు రావచ్చు. దుబ్బుల మధ్య నేల కనిపించేలా ఎడం ఉంచి, ఏడాదికొకసారి జానెడు ఎత్తుకు కోసేస్తే ఆ అవకాశం చాలావరకు తగ్గుతుంది. ఎప్పుడు కోయాలన్న విషయంలోనూ పుస్తకాల మాట ఇక్కడ కుదరదు. వారు చలికాలం చివర అంటే ఫిబ్రవరిలో కోయమంటారు. మన ఫిబ్రవరిలో కోస్తే, కొత్త చిగురుకు నీరు పెట్టి నాలుగు నెలల ఎండను మోయించవలసి వస్తుంది, పైగా కుదురుకు నీడగా ఉన్న ఎండుటాకును తీసేసినట్లవుతుంది. మృగశిర వాన ఒకటి రెండు పడ్డాక కోస్తే వారంలోనే పచ్చబడుతుంది. అయితే ఎండిన దుబ్బు నిప్పుకు సిద్ధంగా ఉంటుంది కాబట్టి, సిగరెట్లు విసిరే రోడ్డు వైపు గోడకు ఆనుకుని దుబ్బులు పెట్టకూడదు.

చెట్ల విషయంలో నా మొదటి ఓటు పొగడకు, తీరంలో అయితే పొన్నకు. రెండింటికీ ఎండిన పూలు, కాయలు ఊడ్చుకోవడం తప్ప పెద్ద సేవ లేదు. నరమామిడిని, అంటే మనం అశోక అని పిలిచే నిలువు చెట్టును, ఇరుకు గోడల వెంట పెంచుకోవచ్చు గాని దానికి నీడ లేదు. ఏడాకుల చెట్టు పచ్చగా, ముచ్చటగా ఉంటుంది, కాని వానాకాలం వెళ్లాక దాని పూల ఘాటుకు తలనొప్పి అని చెప్పేవారు చాలామంది ఉన్నారు, పడకగది కిటికీ ముందు మాత్రం వద్దు. కోనోకార్పస్ గురించి అడిగేవారు ఇంకా ఉన్నారు. ఎండను, ఉప్పును అద్భుతంగా ఓర్చుకునే సతత హరిత వృక్షమే అది. అయినా దాని వేళ్ల వల్ల భూగర్భ పైపులకు, కేబుళ్లకు, పుప్పొడి వల్ల ఆరోగ్యానికి హాని అన్న కారణాలతో గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. హుద్‌హుద్ తరువాత విశాఖలో చాలాచోట్ల కరెంటు తీగలను భూమిలోకి దించారు కనుక, ఇక్కడ ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కరువును ఓర్చుకోవడం ఒక్కటే అర్హత అయితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వెదురు ఏ వైపుకు చెందుతుందని కొందరు అడుగుతారు. అది ఏడాదంతా పచ్చగా ఉండే గడ్డి. రెండు జాబితాలలోనూ పేరున్నట్లు కనిపిస్తుంది గాని, వేసవిలో నీరు తగ్గిస్తే ఆకు పసుపుబారి రాలిపోతుంది. అలంకార వెదురును నీటి పొదుపు తోటలో లెక్కించలేము.

రెండూ ఒకే చోట

రెండు వందల గజాల స్థలంలో, అంటే 167 చదరపు మీటర్లలో ఇల్లు పోను మిగిలేది చుట్టూ సన్నని ఖాళీ, ముందో వెనకో ఒక మూల. ఆ మూల ఒక చెట్టుకు చాలు, సన్నని ఖాళీలో ఎండ తగిలే వైపు గడ్డికి చాలు. ఇక్కడ ఎంపిక సులువే. పెద్ద స్థలం ఉన్నవారు చెట్టు చుట్టూ గడ్డి వేయబోతేనే చిక్కు వస్తుంది. గడ్డి పీచువేళ్లు పై అరమీటరు మట్టిలో అల్లుకుని, పడిన తడిని పడినట్లు లాగేసుకుంటాయి. సరిగ్గా అదే పొరలో చెట్టు మొక్కకు మొదటి రెండేళ్ల వేళ్లు ఉంటాయి. మొదలు చుట్టూ గడ్డి మూసుకున్న మొక్క చావదు, కాని ఎదగదు, మూడు వేసవుల లెక్క ఐదారు వేసవులకు సాగుతుంది. అందుకని మొక్క చుట్టూ కనీసం మీటరు మేర గడ్డి లేకుండా ఉంచి, ఆ చోటును ఎండుటాకుతోనో కొబ్బరి పీచుతోనో నాలుగు అంగుళాల మందాన కప్పాలి. ఆ కప్పు కాండానికి తగలకూడదు.

చెట్టు ఎదిగాక పోటీ తిరగబడుతుంది. సి-4 గడ్డికి నిండు ఎండ కావాలి. నీడ పరుచుకునే కొద్దీ దుబ్బులు పలుచబడి, పొడవుగా సాగి ఒరిగిపోతాయి. అప్పుడు ఎరువు వేసి ప్రయోజనం లేదు. ఆరేడేళ్లకొకసారి పిలకలను నీడ అంచు అవతలికి జరుపుకుంటూ పోవాలి. అద్దె ఇంట్లో ఉండి రెండు మూడేళ్లలో మారిపోయేవారికి ఇదంతా అక్కరలేదు, వారు గడ్డి పెట్టుకుని వెళ్లేటప్పుడు నాలుగు పిలకలు వెంట తీసుకుపోవచ్చు. సొంత స్థలం, గడ్డపార దిగే నేల ఉన్నవారు మాత్రం గడ్డితో సరిపెట్టుకుని చెట్టును వాయిదా వేయకూడదన్నది నా మాట, ఎందుకంటే మూడు వేసవుల లెక్క ఎప్పుడు మొదలుపెట్టినా మూడు వేసవులే.

మొక్క కొనేటప్పుడు కడియం నుంచి లారీలో వచ్చిన ఆరడుగుల మొక్క కంటే, మోకాలెత్తు మొక్కే ఎక్కువ నమ్మదగినది. ప్లాస్టిక్ సంచిలో ఏళ్ల తరబడి ఉన్న మొక్క వేళ్లు సంచి గోడ వెంట గుండ్రంగా చుట్టుకుపోతాయి. నేలలో నాటినా ఆ చుట్టు విడిపోదు. పైకి చెట్టు ఏపుగా ఎదుగుతుంది, కింద మాత్రం కుండీ ఆకారంలోనే ఉండిపోతుంది, అటువంటి చెట్టు గట్టి గాలికి తేలికగా లేచిపోతుంది. సంచి చింపగానే వేళ్లు ఎలా ఉన్నాయో చూసి, చుట్టుకున్నవాటిని కత్తిరించి విప్పి నాటాలి. ఊతకర్రను వదులుగా కట్టి, ఏడాది దాటగానే తీసేయాలి, ఎందుకంటే గాలికి కాస్త ఊగితేనే కాండం మొదలు బలపడుతుంది. నాటడానికి జూన్ చివర నుంచి జూలై అనుకూలమైన సమయం. అక్టోబరు గాలి వచ్చేసరికి మూడు నెలల వేరు, డిసెంబరు పొడి మొదలయ్యేసరికి ఐదు నెలల వేరు దానికి దిగి ఉంటుంది.